గీతల కన్నా ముందు కొలబద్ద: హాబీ మైక్రోకంట్రోలర్‌తో వోల్టేజి కొలతలో దోషాల పద్దు
(మదనపల్లె, పుంగనూరు, కుప్పం సేద్యపు అవసరాల నేపథ్యంలో)

సంగ్రహం

ఆర్డుయినో ఊనో వంటి హాబీ బోర్డుతో వోల్టేజి కొలిచినప్పుడు అంకె తప్పితే, ఆ నింద సాధారణంగా అందులోని పది బిట్ల ఏడీసీ (వోల్టేజిని అంకెగా మార్చే భాగం) మీద పడుతుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం రైతులకు పనికొచ్చే మీటరును ఉదాహరణగా తీసుకుని, డేటాషీట్లు చెప్పే హద్దుల ఆధారంగా ఈ వ్యాసం దోషాల పద్దు వేస్తుంది. అందులో ఏడీసీ వాటా అన్నిటికన్నా చిన్నదని, ఆధార వోల్టేజి వాటా అన్నిటికన్నా పెద్దదని తేలుతుంది. సవరణ ఏ వరుసలో సాగాలో, సవరణ తర్వాత ఎంత దోషం మిగులుతుందో కూడా లెక్కించాం.

కీలక పదాలు: ఆధార వోల్టేజి, క్రమాంకనం, వోల్టేజి డివైడర్, ఓవర్‌శాంప్లింగ్, ఏటీమెగా328పి

1. నేపథ్యం

ఈ మూడు ఊళ్ల చుట్టూ టమోటా, మల్బరీ, కూరగాయల సేద్యం ఎక్కువగా బోరుబావుల మీదే నడుస్తుంది. బోరు నడవడానికి కరెంటు వస్తే చాలదు, వోల్టేజి కూడా నిలవాలి. ఇండక్షన్ మోటారు టార్కు వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. వోల్టేజి 10 శాతం పడిపోతే టార్కు 19 శాతం పడిపోతుంది. మోటారు ఎక్కువ కరెంటు లాగి వైండింగ్ వేడెక్కుతుంది. అందుకే స్టార్టర్ డబ్బాలో లో వోల్టేజీని పసిగట్టే చిన్న పరికరం, సోలార్ బ్యాటరీ స్థితిని చూపే చిన్న మీటరు ఇంజనీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టులకు సహజంగా దొరికే అంశాలు. మదనపల్లెలో, కుప్పంలో ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. విడిభాగాలు కావాలంటే కుప్పంలో రైలెక్కి బెంగళూరు ఎస్.పి. రోడ్డుకు పోయి రావచ్చు.

2005లో ఇటలీలోని ఇవ్రేయాలో పుట్టిన ఆర్డుయినో ఇలాంటి పనులను సులువు చేసింది. ఒక్క వరుస ప్రోగ్రాం రాస్తే 0 నుంచి 1023 దాకా ఒక అంకె వస్తుంది. ఆ అంకెను వోల్టులుగా మార్చేటప్పుడే చిక్కు మొదలవుతుంది.

2. ఎంత దోషాన్ని ఓర్చుకోగలం?

మీటరు ఎంత కచ్చితంగా ఉండాలో నిర్ణయించేది దాన్ని వాడే పనే. రెండు సందర్భాలు చూద్దాం.

మొదటిది 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ. విశ్రాంతిలో ఉన్నప్పుడు నిండు బ్యాటరీ సుమారు 12.7 వోల్టులు, సగం ఖాళీ అయినది సుమారు 12.2 వోల్టులు చూపిస్తుంది. నిండుకూ సగానికీ తేడా అర వోల్టే.

రెండోది 230 వోల్టుల సరఫరా. 1956 నాటి భారత విద్యుత్ నియమాలు లో టెన్షన్ సరఫరాకు ఇచ్చిన వెసులుబాటు 6 శాతం. అంటే సుమారు 216 నుంచి 244 వోల్టుల దాకా. మన మీటరే 5 శాతం తక్కువ చూపిస్తే 225 వోల్టుల మంచి సరఫరా కూడా 214గా కనబడుతుంది. ఆ అంకెను పట్టుకుని లైన్‌మన్‌తో వాదనకు దిగితే ఓడిపోయేది రైతే.

3. దోషాల పద్దు

బ్యాటరీ మీటరునే విడదీసి చూద్దాం. 30 కిలో ఓములు, 10 కిలో ఓముల రెసిస్టర్లతో డివైడర్ కడితే 12 వోల్టులు 3 వోల్టులై ఏడీసీకి చేరతాయి.

ఆధార వోల్టేజి: ఊనో బోర్డు మామూలుగా తన 5 వోల్టుల సరఫరానే కొలబద్దగా వాడుకుంటుంది. యూఎస్‌బీ ప్రమాణం ప్రకారం ఆ సరఫరా 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. 5 శాతం మార్పంటే 12 వోల్టుల దగ్గర 0.6 వోల్టు.

డివైడర్: రెండు రెసిస్టర్లూ 1 శాతం రకం అయినా, ఒకటి పైకీ ఒకటి కిందికీ తప్పితే నిష్పత్తిలో 1.5 శాతం దోషం వస్తుంది; అది 0.18 వోల్టు. 5 శాతం కార్బన్ రెసిస్టర్లు వేస్తే ఇది దాదాపు 0.9 వోల్టుకు పెరుగుతుంది.

ఏడీసీ: ఊనోలోని చిప్ ఏటీమెగా328పి డేటాషీట్ చెప్పే సాధారణ దోషం రెండు మెట్లు. ఒక్కో మెట్టు 4.88 మిల్లీవోల్టులు, డివైడర్ నిష్పత్తితో గుణిస్తే రెండు మెట్లకు 0.04 వోల్టు.

మొత్తం కలిపితే గరిష్ఠంగా 0.82 వోల్టు. నిండు బ్యాటరీకీ సగం బ్యాటరీకీ ఉన్న తేడా కన్నా ఇది ఎక్కువ. ఇందులో మనం నిందించే ఏడీసీ వాటా ఇరవయ్యో వంతు. 1023తో భాగించాలా, 1024తోనా అన్న వాదన కూడా 0.1 శాతం దగ్గరే ఆగిపోతుంది.

4. సగటు ఏం చేస్తుంది, ఏం చేయలేదు

చాలామంది మొదట పట్టే మార్గం ఎక్కువ రీడింగులు తీసి సగటు కట్టడం. దాని వెనక ఓవర్‌శాంప్లింగ్ అనే గట్టి సిద్ధాంతమే ఉంది. సంకేతంలో తగినంత రొద ఉంటే, 4 రెట్లు రీడింగులు తీసిన ప్రతిసారీ ఒక బిట్ సూక్ష్మత కలిసొస్తుంది. 16 రీడింగులతో 12 బిట్లు, 64తో 13 బిట్లు. ఒక్కో మార్పిడికి 104 మైక్రోసెకన్లు కాబట్టి 16 రీడింగులకు పట్టేది 1.7 మిల్లీసెకన్లే. 50 హెర్ట్జ్ లైను గుయ్యిమనే రొద కలుస్తుంటే, ఒక పూర్తి ఆవృత్తికి, అంటే 20 మిల్లీసెకన్లకు, సుమారు 192 రీడింగులు తీసి సగటు కట్టడం మేలు.

అయితే సగటు తొలగించేది అటూ ఇటూ ఊగే దోషాన్నే. మదనపల్లె టమోటా మండీలో తూకం రాయే తక్కువ బరువుంటే, ఒకే బాక్సును వందసార్లు తూచి సగటు కట్టినా రైతు నష్టం తీరదు. ఆధార వోల్టేజి ఈ పద్దులో తూకం రాయి లాంటిది.

5. సవరణల వరుస

మొదటి పని కొలబద్దను మార్చడం. దీనికి రెండు దారులున్నాయి. చిప్‌లోనే 1.1 వోల్టుల ఆధారం ఉంది. డేటాషీట్ ప్రకారం అది 1.0 నుంచి 1.2 దాకా ఎంతైనా కావచ్చు కనుక చిప్‌కూ చిప్‌కూ తేడా వస్తుంది. కానీ ఒకే చిప్‌లో అది సరఫరాతో పాటు పెద్దగా ఊగదు; ఒకసారి కొలిచి ప్రోగ్రాంలో రాసుకుంటే ఖర్చు లేకుండా పని జరుగుతుంది. రెండో దారి ఎల్ఎం4040 వంటి విడి ఆధారాన్ని బోర్డు మీది ఏరెఫ్ (ఆధార వోల్టేజి) పిన్నుకు కలపడం. 4.096 వోల్టుల రకం ఎంచుకుంటే మెట్టు సరిగ్గా 4 మిల్లీవోల్టులు. డివైడర్‌తో కలిపి 16 మిల్లీవోల్టులు. మీటరు 16.38 వోల్టుల దాకా చూడగలదు. ప్రోగ్రాంలో ముందుగా బయటి ఆధారాన్ని ఎంచుకున్నాకే ఏడీసీని చదవాలి. లేకపోతే లోపలి సరఫరా, బయటి ఆధారం ఏరెఫ్ దగ్గర ఢీకొంటాయి.

రెండో పని డివైడర్ అవరోధం చూసుకోవడం. ఏడీసీకి సంకేతమిచ్చే మూలం 10 కిలో ఓముల లోపు ఉండాలన్నది తయారీదారు సలహా. మన డివైడర్ 7.5 కిలో ఓములే కాబట్టి ఇబ్బంది లేదు. బ్యాటరీ ఆదా కోసం రెసిస్టర్లను పదింతలు పెంచితే కింది రెసిస్టర్‌కు సమాంతరంగా 100 నానోఫారడ్ల కెపాసిటర్ వేయాలి. చిప్ లోపలి 14 పికోఫారడ్ల కెపాసిటర్ కన్నా అది ఏడు వేల రెట్లు పెద్దది. అడిగిన ఆవేశాన్ని తొణక్కుండా ఇస్తుంది.

మూడో పని గ్రౌండు తీగ. ఫోన్‌తో మోటారును నడిపే మొబైల్ స్టార్టర్‌లోని జీఎస్ఎం మాడ్యూలు సంకేతం పంపే క్షణాల్లో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆ కరెంటు 0.1 ఓము తీగలో పారితే 0.2 వోల్టు అక్కడే పోతుంది. కొలత తీగను బ్యాటరీ టెర్మినల్ నుంచి విడిగా తెచ్చుకోవాలి. మాడ్యూలు మాట్లాడుతున్నప్పుడు కొలవకూడదు.

నాలుగోది రెండు బిందువుల క్రమాంకనం. ఉదాహరణకు మల్టీమీటరు 10.00 వోల్టులు చూపినప్పుడు ఏడీసీ 619, 14.00 చూపినప్పుడు 867 ఇచ్చిందనుకుందాం. అప్పుడు మెట్టు విలువ 4.00 ÷ 248 = 0.016129 వోల్టు; కలపాల్సిన స్థిరాంకం 0.016. ఏడీసీ 750 చూపితే సవరించిన విలువ 12.11 వోల్టులు, సవరణ లేకుండా 12.00 వచ్చేది. డివైడర్, ఆధారం, ఏడీసీ మొదటి మెట్టు దోషాలన్నీ ఈ రెండు అంకెల్లో ఇమిడిపోతాయి.

230 వోల్టుల వైపు కూడా వరుస ఇదే. కాకపోతే కొలత జడ్ఎంపీటీ101బి వంటి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ద్వారానే జరగాలి. బోర్డును నేరుగా లైనుకు తగిలించడం ప్రాణాంతకం.

6. మిగిలే దోషం

క్రమాంకనం తర్వాత మన మీటరు మల్టీమీటరుకు వారసురాలవుతుంది. ఆ మల్టీమీటరు 0.5 శాతం రకమైతే 12 వోల్టుల దగ్గర 0.06 వోల్టు ఎప్పటికీ వెంట వస్తుంది. ఎల్ఎం4040 ఉష్ణోగ్రతతో డిగ్రీకి గరిష్ఠంగా మిలియన్‌లో 100 వంతులు మారవచ్చు. ఎండలో ఇనప డబ్బా 30 డిగ్రీలు వేడెక్కితే 0.036 వోల్టు. ఏడీసీ రెండు మెట్లకు 0.032. ఒకే రకం రెసిస్టర్లు కలిసి వేడెక్కితే నిష్పత్తి పెద్దగా మారదు. మొత్తం 0.13 వోల్టు, మొదట్లో ఉన్నదానిలో ఆరో వంతు.

ఇక్కడి నుంచి ముందుకు పోవాలంటే మల్టీమీటరే మారాలి. కాలేజీ ప్రయోగశాలలో ఒక మంచి మీటరును ఎన్ఏబీఎల్ గుర్తింపున్న చోట పరీక్షింపజేసి ఉంచితే, దాని గొలుసు ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల దాకా పోతుంది. మూడు ఊళ్లకూ అలాంటివి మూడు ఉంటే చాలు, విద్యార్థుల బోర్డులన్నీ ఒకే తూకం రాయిని పంచుకుంటాయి.

7. ముగింపు

ముందు ఆధారం, తర్వాత డివైడర్, గ్రౌండు, క్రమాంకనం, సగటు ఆఖరున. ఈ వరుస పాటిస్తే పది బిట్ల ఏడీసీతోనే నిండు బ్యాటరీని సగం బ్యాటరీ నుంచి నమ్మకంగా వేరు చేయవచ్చు. మిగిలిన అనిశ్చితి 0.13 వోల్టు కాబట్టి తెర మీద 12.1 అని చూపితే చాలు. 12.113 అని చూపిస్తే చివరి రెండు అంకెలకు మన దగ్గర జవాబు లేదు.