బస్తా ఎత్తుతుంటే నడుము పట్టేసిందా? ఈఎస్‌ఐ లెక్కలో అది జబ్బా, ప్రమాదమా?

రైస్ మిల్లులో అయినా, బేకరీ గోదాములో అయినా 50 కిలోల బస్తా మామూలే. అమెరికా వృత్తి భద్రతా సంస్థ నియోష్ లెక్క ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా చేతులతో ఎత్తదగిన బరువు 23 కిలోలే. నేల మీద నుంచి వంగి లేపినా, బరువు ఒంటికి దూరంగా ఉన్నా, నడుము తిప్పినా ఆ పరిమితి ఇంకా తగ్గుతుంది. బస్తాలు పేర్చే హమాలీకి ఈ మూడూ తప్పవు.

నడుము కలుక్కుమన్న రోజు చాలామంది నొప్పి మాత్ర వేసుకుని ఇంటికి వెళ్లిపోతారు. రెండు రోజుల తర్వాత ఈఎస్‌ఐ డిస్పెన్సరీకి వెళ్లి ‘నడుం నొప్పి’ అని చెబుతారు. డబ్బు నష్టపోయేది ఇక్కడే.

జబ్బుగా నమోదైతే వచ్చేది వేతనంలో 70 శాతం, అదీ ఏడాదికి 91 రోజులకు మించకుండా. చందా తగినన్ని రోజులు కట్టి ఉండాలి కూడా. పనిలో తగిలిన గాయంగా నమోదైతే 90 శాతం వస్తుంది. కోలుకునే దాకా, డాక్టర్ ధ్రువీకరించినంత కాలం ఇస్తారు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే దెబ్బ తగిలినా వర్తిస్తుంది. కాకపోతే ప్రమాదం జరిగిన రోజు కాకుండా కనీసం 3 రోజులు పనికి వెళ్లలేని స్థితి ఉండాలి.

కాబట్టి అదే రోజు సూపర్‌వైజర్‌కు చెప్పండి. నోటిమాట చాలు, కానీ వాట్సాప్‌లో ఒక మెసేజ్ కూడా పెడితే మంచిది. ప్రమాదాల పుస్తకంలో టైముతో సహా రాయించండి. యాజమాన్యం ఫారం 12లో ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసుకు నివేదిక పంపాలి. డాక్టర్ చీటీలో ‘బరువు ఎత్తుతుండగా’ అన్న మాట ఉందో లేదో చూసుకోండి.

మరి ఏళ్ల తరబడి మోసి మోసి అరిగిన వెన్నుపూస సంగతి? అసలు చిక్కు ఇదే. ఫలానా తేదీన జరిగిందని చూపించలేని నొప్పిని ప్రమాదంగా నిరూపించడం కష్టం. ఈఎస్‌ఐ వృత్తి వ్యాధుల జాబితాలో పెద్ద శబ్దాల వల్ల వచ్చే చెవుడు ఉంది, బరువులు మోస్తే వచ్చే నడుం జబ్బు పేరు లేదు. ఇన్ని మిల్లులున్న మన రాష్ట్రాల్లో ఇది చిన్న లోటు కాదు.

‘వాళ్లు మేస్త్రీ మనుషులు, మాకు సంబంధం లేదు’ అనే మాట చెల్లదు. ఈఎస్‌ఐ వర్తించే సంస్థలో, నెల వేతనం 21,000 రూపాయల లోపు ఉంటే కాంట్రాక్టర్ కింద పనిచేసేవారి చందాకూ ప్రధాన యజమానిదే బాధ్యత. ఈఎస్‌ఐ లేని చోట పరిహారం కోసం కార్మిక శాఖను ఆశ్రయించాలి.

కాగితాల కన్నా ముందు చూడాల్సింది ఒకటుంది. కాళ్లలో పట్టు తగ్గినా, తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా ఆ పూటే పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఆలస్యమైతే నరాలు శాశ్వతంగా దెబ్బతినొచ్చు.