పేకముక్కలపై వెలసిన మాయాలోకము

పేకాట యెంత ప్రాచీనమైనను, ఆటగాండ్రందఱును ఒకే కట్టనుండి ముక్కలు పంచుకొనవలెనను నియమము శతాబ్దుల తరబడి చెక్కుచెదరక నిలిచినది. ఆటగాడు తన కట్టను తానే కూర్చుకొని వచ్చునట్టిదియు, ఎదుటివాని కట్టలో నే వింతజీవి పొంచియున్నదో ముందుగా నెఱుగరానట్టిదియునగు నొక నూతనక్రీడ 1993 ఆగస్టులో అమెరికాలో వెలువడెను. అదియే 'మ్యాజిక్: ద గ్యాదరింగ్'.

దీనిని కల్పించిన రిచర్డ్ గార్ఫీల్డ్, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున గణితమందు పరిశోధన సాగించుచుండిన యువకుడు. 1991లో అతడు 'రోబోర్యాలీ' యను మఱొక ఆటను అచ్చువేయింపగోరి పీటర్ అడ్కిసన్‌ను ఆశ్రయింపగా, అప్పటికింకను చిన్నదైన 'విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్' సంస్థను నడపుచుండిన ఆయన, అంత వ్యయమునకు ఓర్వలేక, క్రీడాభిమానుల సమ్మేళనముల విరామవేళల ఆడుకొనదగిన తేలికపాటి ఆటనొకదానిని చేసి తెమ్మనెను. ఆ లేమియే యీ సృష్టికి హేతువైనది.

తొలి ముద్రణలోని 'షివన్ డ్రాగన్' అను ముక్కను చూడుడు. మెలిస్సా బెన్సన్ చిత్రించిన ఘోరసర్పమునకు పైమూలన, దానిని రప్పించుటకు ధారవోయవలసిన ఆఱు పాళ్ల మంత్రశక్తి సూచింపబడియుండును. అందు రెండు పాళ్లు ఎఱ్ఱనివి కావలెను. క్రిందిమూలనున్న 5/5 అను అంకెలలో మొదటిది కొట్టు బలము, రెండవది దెబ్బకోర్చు బలము. అది యెగురునదగుటచే ఎగురలేని ప్రాణులు సాధారణముగా దాని నడ్డలేవు. ఎఱ్ఱని శక్తి నింకొక పాలు వెచ్చించిన కొలదియు, ఆ వంతు ముగియువఱకు దాని బలము ఒక్కొక్కటిగా పెరుగును. ఇట్లు ప్రతి ముక్కయు తన ధర్మమును తన మేననే ధరించును. అది నియమగ్రంథముతో విభేదించినచో ముక్కలోని మాటయే చెల్లును. ఆగ్నేయాస్త్రమునకు వారుణాస్త్రమును ఎదురొడ్డు కథలు విని పెరిగిన మనకు, శక్తికి శక్తి నెదురొడ్డు ఈ యాట రుచి క్రొత్తది కాదు.

బెల్జియములోని కార్టా ముండీ ముద్రణాలయము అచ్చొత్తిన మొదటి 26 లక్షల ముక్కలును అనతికాలముననే చెల్లిపోయినవి. నాటి 15 ముక్కల పొట్లమున అరుదైనది ఒక్కటియే యుండెడిది. విప్పి చూచువఱకు అది యేదో తెలిసెడిది కాదు. ఈ యుక్తియే వర్తకమునకు ఊపిరియైనది. 1996లో జపానున పుట్టి మన యిండ్ల పిల్లలకును ప్రీతిపాత్రమైన పోకెమాన్ ముక్కలదియు ఈ వంశమే.

అయితే 1995లో 'క్రానికల్స్' పేర పాతముక్కలను మరల అచ్చువేయగా, తమ సంపద విలువ పడిపోవునని సేకర్తలు మొఱపెట్టిరి. వారిని శాంతింపజేయుటకై, కొన్ని ముక్కలను ఇక పునర్ముద్రింపబోమని సంస్థ 1996లో మాటయిచ్చెను. నాటినుండి క్రిస్టఫర్ రష్ గీసిన 'బ్లాక్ లోటస్' వంటివి ఆటబల్లను విడిచి, ధనికుల పెట్టెలకును వేలపాటలకును తరలినవి. చేతబట్టి ఆడుకొనుటకై గార్ఫీల్డ్ నిర్మించిన వస్తువును సామాన్య క్రీడాకారునికి దూరముచేసిన ఆ వాగ్దానము, ఆటకు మేలుకన్న కీడే యెక్కువ చేసినదని నా నిశ్చితాభిప్రాయము.