బొమ్మ రైలు చెప్పిన ఖరగ్‌పూరు చరిత్ర

ఈ సంచికకు ఒక చారిత్రక వ్యాసము వ్రాయుమని సంఘ కార్యదర్శిగారు కోరినపుడు నేను కొంత తడబడితిని. శాసనములు చదివి, తామ్రపత్రములు పరిశీలించి వ్రాయదగిన పాండిత్యము నాకు లేదు. బి.ఏ. పట్టము పుచ్చుకొని సచివాలయమున దస్త్రములు త్రిప్పుచున్నవాడను. అయినను నాలుగేండ్లుగా సెలవు దినములందు నేను చేయుచున్న పని యొకటి చరిత్రకు సంబంధించినదే యని ఇటీవల నాకు బోధపడినది. అది బొమ్మ రైలు కట్టుట. నలుబది దాటినవానికి ఇదేమి వినోదమని పాఠకులు నవ్వవచ్చును. మా యింట కూడ మొదట నవ్విరి. కాని ఆ బొమ్మ మూలమున, మా తాతగారిని గూర్చి మా కుటుంబములో ఎంతో కాలముగా చెల్లుబడి యగుచున్న యొక మాట తప్పని తేలినది. తప్పని తేలిన పిమ్మట ఆయనయందు మాకు గౌరవము పెరిగినది. ఆ వృత్తాంతమే ఈ వ్యాసమునకు విషయము.

ముందుగా ఊరి సంగతి. ఖరగ్‌పూరు రైలు కొఱకు పెరిగిన పట్టణము. 1887లో స్థాపితమైన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ తన మార్గమును తూర్పునకు పొడిగించుచు, మేదినీపూర్ జిల్లాలోని ఎఱ్ఱనేలల మీద ఒక జంక్షను నేర్పరచినది. 1899లో కటకము మార్గము తెఱువబడెను. 1900లో రూప్‌నారాయణ్ నదిపై కోలాఘాట్ వంతెన పూర్తియై హౌరాతో సంబంధ మేర్పడెను. ఇట్లు పడమట నాగపూరు నుండియు, దక్షిణమున మన కోస్తా నుండియు, తూర్పున కలకత్తా నుండియు వచ్చు బండ్లు ఇచ్చట కలిసికొన్నవి. జంక్షను వెంట కార్ఖానా వచ్చినది. కార్ఖానా చుట్టును క్వార్టర్ల వరుసలు, గోల్‌బజారు, బడులు, గుడులు వెలసినవి. 1944లో కంపెనీ పాలన ముగిసి ప్రభుత్వము రైల్వేను స్వాధీనము చేసికొనెను. అది 1952లో తూర్పు రైల్వేలో చేరి, 1955లో ఆగ్నేయ రైల్వేగా మరల వేఱుపడినది. ఇన్ని పేర్లు మారినను ఆ ఊరి వృద్ధులు "బి.యన్.ఆర్." అను మాటను విడువలేదు.

ఈ బంగాళా ఊరికి తెలుగువారు ఇంతమంది ఎట్లు వచ్చిరి? దీనికి సమాధానము రైలు పటములోనే యున్నది. బెజవాడ నుండి కటకము వరకు తూర్పుకోస్తా రైల్వేను 1890 తరువాతి సంవత్సరములలో ప్రభుత్వము నిర్మించెను. అందు వాల్తేరునకు ఉత్తరపు భాగము 1902లో బి.యన్.ఆర్. చేతికి వచ్చినది. దానితో విజయనగరము, చీపురుపల్లి, శ్రీకాకుళం రోడ్డు, నౌపడ, పలాస స్టేషనులు ఖరగ్‌పూరుతో ఒకే కంపెనీ క్రిందికి చేరినవి. అంతకుముందు వానలు తప్పిన సంవత్సరమున ఉత్తరాంధ్రపు కూలి జనము ఓడలెక్కి రంగమునకు పోయెడివారు. ఇప్పుడు వారి ఊరి స్టేషనులోనే ఖరగ్‌పూరు బండి ఆగుచుండెను. ముందు పోయిన అన్న వెనుక తమ్ముని పిలిపించెను. తమ్ముడు బావమఱదిని పిలిపించెను. మథురాకాటి, నిమ్‌పురా వంటి కాలనీలలో తెలుగు వాడలు వెలసినవి. 1927లో ఖరగ్‌పూరు కార్మికులు చేసిన పెద్ద సమ్మెకు నాయకత్వము వహించిన వారిలో బరంపురమున జన్మించిన వరాహగిరి వేంకటగిరిగారు ముఖ్యులు. 1969లో ఆయన రాష్ట్రపతి యైనపుడు, "మన యూనియన్ గిరిగారు" అని మా కాలనీ వృద్ధులు చెప్పుకొనిరట.

మా ముత్తాతగారు చీపురుపల్లి ప్రాంతము నుండి వచ్చినవారు. మా తాతగారు 1940లో కార్ఖానాలో ఖలాసీగా చేరి, 1978లో విశ్రాంతి పొందిరి. నాన్నగారును రైల్వే ఉద్యోగియే. నేను మథురాకాటి క్వార్టరులో పెరిగితిని. తెల్లవారుజామున కార్ఖానా కూత వినబడగానే వీధి యంతయు ఒక్కసారి కదలుట, సైకిళ్ళ గంటలు, అన్నపు క్యారియర్లు, సాయంకాలము నూనె వాసనతో తిరిగివచ్చు మనుష్యులు: ఇవి నా బాల్యపు గుర్తులు. మా నాయనమ్మ పెట్టు బొమ్మల కొలువులో ఏటికొప్పాక లక్క రైలు ఒకటి యుండెడిది. దాని వెనుక అగ్గిపెట్టెలను దారముతో గట్టి పెట్టెలుగా తగిలించు బాధ్యత నాది. నేను కట్టిన మొదటి బొమ్మ రైలు అదియే.

పెద్దవారు బొమ్మ రైళ్ళు కట్టుట పాశ్చాత్యులకు క్రొత్త కాదు. జర్మనీ దేశపు మార్క్‌లిన్ సంస్థ 1891లోనే బొమ్మ పట్టాల వెడల్పులకు ప్రమాణములు నిర్ణయించినది. ఇంగ్లండున హార్న్‌బీ రైళ్ళు 1920లో వెలువడినవి. మన దేశమునందు పూనా నగరములో జోషీగారను నొక ఔత్సాహికుని కృషి ఫలముగా 1998లో చిన్న రైళ్ళ ప్రదర్శనశాల యొకటి ఏర్పడినది. ఈ విద్యలో మిక్కిలి ప్రచారము గల కొలతను హెచ్.ఓ. అందురు. అసలు వస్తువులో 87వ వంతుగా బొమ్మను చేయుట దాని నియమము.

ఈ లెక్కతోనే నా కష్టములు మొదలైనవి. అంగడిలో దొరకు హెచ్.ఓ. పట్టాల నడుమ ఎడము 16.5 మిల్లీమీటర్లు. దానిని 87చే హెచ్చించిన ఐరోపా రైలు వెడల్పు 1435 మిల్లీమీటర్లు వచ్చును. మన పెద్ద పట్టాల వెడల్పు 1676 మిల్లీమీటర్లు. దానికి సరిపడ బొమ్మ పట్టాలు 19.3 మిల్లీమీటర్ల ఎడమున నుండవలెను. అట్టివి అంగళ్ళలో నాకు దొరకలేదు. నేనే చెక్క దిమ్మలపై పట్టాలు పరచుకొంటిని. రెండవ చిక్కు ప్లాట్‌ఫారము. ఖరగ్‌పూరు ప్లాట్‌ఫారము పొడవు 1072 మీటర్లు. 2013లో గోరఖ్‌పూరున 1366 మీటర్ల ప్లాట్‌ఫారము వచ్చువరకు లోకమున దీనిదే ప్రథమ స్థానము. ఆ గౌరవము 2023లో 1507 మీటర్లతో హుబ్బళ్ళికి పోయినది. 87వ వంతు చేసినను మా ఊరి ప్లాట్‌ఫారము పండ్రెండు మీటర్లకు మించును. నా ప్రభుత్వపు క్వార్టరులో ముందుగది గోడ నుండి వంటయింటి గోడ వరకు కొలిచినను అంత పొడవు లేదు. కావున స్టేషనును విడిచి, కార్ఖానాలో ఒక మూలయు, మా క్వార్టర్ల వరుసయు, వాని నడుమ ఒక లైనును మాత్రము కట్ట నిశ్చయించితిని. ఏమి విడువవలెనో నిర్ణయించుటలోనే, మా కుటుంబమునకు ఏది ముఖ్యమో నాకు తెలిసినది.

ఆ లైనుపై నిలుప దలచిన ఇంజను గారట్టు. దీని రూపకల్పన హెర్బర్ట్ విలియమ్ గారట్ అను ఆంగ్ల ఇంజనీరుది. మొదటి యంత్రమును మాంచెస్టరు నగరపు బేయర్ పీకాక్ వారు 1909లో టాస్మేనియా ద్వీపమునకై నిర్మించిరి. ముందొక చక్రముల జట్టు, వెనుక నొక చక్రముల జట్టు, వాని నడుమ కావడిబద్ద వలె వ్రేలాడు బాయిలరు: ఇది దాని స్వరూపము. బాయిలరు క్రింద చక్రములు లేకపోవుటచే దానిని ఎంత లావుగనైనను చేయవచ్చును. ఇంజను నడుమ మలగును గనుక వంపులలోను సాగును. బి.యన్.ఆర్. వారు 1929 మొదలు తెప్పించిన ఎన్ తరగతి గారట్టులకు ఇరువదినాలుగు చక్రములు. బొగ్గు, ఖనిజముల బరువు బండ్లను లాగుటలో వానికి గొప్ప పేరు. అందు 811 సంఖ్య గలది న్యూఢిల్లీ రైలు మ్యూజియమున నున్నది. 815 సంఖ్య గలదానికి 2006లో ఖరగ్‌పూరు కార్ఖానాలోనే మరల ప్రాణము పోసిరి.

మా తాతగారు గారట్టు డ్రైవరని మా యింట వాడుక. ఎవరు చెప్పిరో తెలియదు. ఆయన మాత్రము ఒక్క మాట అనుచుండెడివారు: "గారట్టు కడుపులో దూరి వచ్చినోణ్ణిరా నేను!" ఈ మాట అని రొమ్ము తట్టుకొనుట నాకు జ్ఞాపకము. వృద్ధాప్యమున ఆయనకు చెవులు బొత్తిగా వినబడెడివి కావు. ఇంజను కూతల వలన అట్లైనదని మేము చెప్పుకొనెడివారము. పిల్లలము ఆయన వెనుక నిలిచి ఇంజను వలె కూత వేసి, ఆయన తిరిగి చూడకపోగా నవ్వెడివారము. 1992లో ఆయన స్వర్గస్థులైరి. నా పెండ్లి మాటలలో కూడ "గారట్టు డ్రైవరుగారి మనుమడు" అను పరిచయము వచ్చినది.

రెండేండ్ల క్రిందట, ఇప్పుడు నా యొద్దనే యున్న నాన్నగారిని వెంటబెట్టుకొని, కొలతల కొఱకు మ్యూజియమునకు పోతిని. 811 ప్రక్క నిలిచి నేను కొలతలు వ్రాసికొనుచుండగా ఆయన చాలసేపు మాటలాడలేదు. ఇంటికి వచ్చి, రేకుతో డ్రైవరు గదిని చేసి, బాయిలరు వెనుక పలకకు బొగ్గు వేయు రంధ్రమును తొలుచుచుంటిని. ఆ రంధ్రము వెనుక నున్నది ఫైర్‌బాక్సు, అనగా బొగ్గు మండు కొలిమి గది. నాన్నగారు కండ్లద్దములు సవరించుకొని అడిగిరి: "బాబూ, డ్రైవరు నిలబడేది ఈ గదిలోనే గదా? మరి నాన్న కడుపులో దూరాను అనేవాడేమిటి?"

నా చేతిలోని ఆకురాయి ఆగిపోయినది. డ్రైవరు ఇంజను కడుపులో దూరడు. ఇంజను చల్లార్చి, నీరు వదలిన తరువాత, ఆ ఇరుకైన రంధ్రము గుండ లోనికి పాకిపోవువాడు బాయిలరు పనివాడు. ఫైర్‌బాక్సు లోపలి గోడను, బయటి గోడను కలిపి పట్టుకొను స్టే బోల్టులు వందలకొలది యుండును. వానిలో ఏది తెగినదో కంటికి కనబడదు. సుత్తితో ఒక్కొక్కదానిని తట్టి, చెవితో వినవలెను. మంచి బోల్టు ఖంగున పలుకును. తెగినది మొద్దుగా పలుకును. అది తప్పిపోయిన, రేపు ఆవిరి ఒత్తిడికి గోడ ఉబ్బి, ఇంజను మీది వారి ప్రాణములకే ముప్పు వచ్చును.

ఆ రాత్రి పాత ట్రంకు పెట్టె తెఱచితిమి. ప్యాసుల కట్ట, ప్రావిడెంటు ఫండు కాగితములు, వాని క్రింద ఆయన సర్వీసు పత్రము దొరకినవి. దానిని మా యింట ఎవరును పూర్తిగా చదివినవారు కారు. అందు వ్రాసియున్నది: ఖలాసీ, తరువాత ఫిట్టరు, బాయిలరు షాపు. మొదటి నుండి చివరి వరకు ఒకే షాపు. నాన్నగారు పత్రమును మడచి, "సన్నగా ఉండేవాడు. అందుకే లోపలికి పంపేవారేమో" అనిరి. కొంతసేపటికి, "వినపడదని నేనూ విసుక్కునేవాణ్ణిరా" అనిరి.

చెవుల సంగతియు అప్పుడే తెలిసినది. ఇనుప గదిలో ఇనుముపై సుత్తి మ్రోతను ఏండ్ల తరబడి విన్నవారి చెవులు చెడునని వైద్యులకు చిరకాలముగా తెలియును. గ్లాస్గో నగరపు వైద్యుడు థామస్ బార్ 1886లోనే నూర్గురు బాయిలరు పనివారిని పరీక్షించి, వారిలో ఒక్కనికిని వినికిడి సరిగా లేదని ప్రకటించెను. మా తాతగారు చెవితో విని ఇంజన్లను కాపాడిరి. ఆ పనికే ఆ చెవులు ఖర్చైపోయినవి. ఆయన వెనుక నిలిచి మేము వేసిన కూతలు ఇప్పుడు నాకు తలవంపుగా నున్నవి.

ఆయన అబద్ధ మాడలేదు. ఉన్న మాటయే చెప్పిరి; మేము మాకు నచ్చిన అర్థము చెప్పుకొంటిమి. డ్రైవరు ఎల్లరకు కనబడును. స్టేషనులో పిల్లలు అతనికి చేతులూపుదురు. కార్ఖానా గోడల లోపలి మనిషి ఎవరికిని కనబడడు. కంపెనీ చరిత్రలలో మైళ్ళును, వంతెనలును, వాటాదార్ల లాభములును కలవు. మా యింటి కథలో గొప్ప పేరు గల ఉద్యోగము కలదు. ఈ రెంటి నడుమ సుత్తి పట్టుకొని పాకినవాడు జారిపోయినాడు. కథ చెప్పునపుడు అతడెచ్చట నిలిచెనో చెప్పకయే సాగిపోవచ్చును. బొమ్మ కట్టునపుడు మనిషిని ఎచ్చట నిలుపవలెనో తేల్చక తప్పదు.

కావున నా పటము మార్చితిని. గారట్టును లైను మీద నుండి తీసి, కార్ఖానా మూలకు చేర్చితిని. బాయిలరును చక్రముల నుండి విడదీసి దిమ్మలపై నుంచితిని. వెనుక పలకలోని రంధ్రము నుండి రెండు కాళ్ళు మాత్రము బయటికి కనబడును. హెచ్.ఓ. కొలతలో నిండు మనిషియే రెండు సెంటీమీటర్ల లోపు. ఆ కాళ్ళు గోధుమగింజ కంటె కొంచెమే పెద్దవి. చూడవచ్చినవారు "ఇతని తల యేది?" అని అడుగుదురు. లోపల పనిలో నున్నదని మా అమ్మాయి సమాధానము చెప్పును.

ఈ సంఘ సభ్యులలో ఖరగ్‌పూరు వంటి రైలు ఊళ్ళ నుండి వచ్చినవారు కొందరైన నుందురు. మీ యిండ్లలోను పాత ప్యాసులు, టిక్కెట్టు నంబరు బిళ్ళలు, సర్వీసు పత్రములు ఏ పెట్టె యడుగుననో యుండవచ్చును. బొమ్మ రైలే కట్టనక్కఱలేదు; ఒక కాగితముపై మీ పెద్దలు పనిచేసిన చోటి పటము గీచి, ఇంటి పెద్దల ముందు పెట్టి, "ఆయన ఎక్కడ నిలబడేవారు?" అని అడుగుడు. చెప్పగలవారు ఉన్నపుడే అడుగుట మేలు.

నా పని ఇంకను పూర్తి కాలేదు. నాన్నగారి లెక్క ప్రకారము మా క్వార్టరు ముందరి జామచెట్టు ఒక అంగుళము ఎడమకు జరుగవలసి యున్నది. వచ్చు ఆదివారమున జరిపెదను.