పియానో పెట్టెకు వంకర ఎలా వచ్చింది?

ఇనుప చట్రం రాకముందు తయారైన పియానోలు చాలావాటికి ఒకటే జబ్బు. పెట్టె మెలితిరిగి ఒక మూల పైకి లేస్తుంది. అతుకులు విడిపోతాయి, తీగలు చుట్టే మేకులున్న పలక చీలుతుంది. చెదలూ చెమ్మా చేసే చెరుపు వేరు. ఈ వంకరకు మూలం తీగల్లోనే ఉంది. అవి పెట్టె అడుగు పలకకు పైన, దాని రెండు చివరల మధ్య బిగిసి ఉంటాయి. నారి లాగితే విల్లు వంగినట్టు, ఏళ్ల తరబడి సాగే ఆ లాగుడికి కర్ర కొద్దికొద్దిగా లొంగిపోతుంది.

పియానోను పుట్టించిన బార్తొలొమెయో క్రిస్టొఫొరికి ఈ సంగతి ముందే తెలుసు. ఇటలీలోని ఫ్లోరెన్సులో మెదిచి వంశపు రాకుమారుడి కొలువులో పనిచేసిన ఆయన, తీగల లాగుడును బయటి పెట్టెకు వదిలి, లోపల విడిగా మరో వంపు గోడ కట్టి తీగల నాదాన్ని పెంచే పలకను, అంటే సౌండ్‌బోర్డును, దానికి అమర్చాడు. పెట్టె కాస్త కదిలినా నాదం చెడకూడదన్నది ఆయన ఆలోచన.

తర్వాతివాళ్లకు అంత నిదానం లేకపోయింది. సభలు పెద్దవయ్యాయి, నాదం గట్టిగా కావాలన్నారు. మొజార్ట్ నాటి పియానోకు 5 ఆక్టేవులుండగా, 1817లో లండన్ బ్రాడ్‌వుడ్ సంస్థ బీథోవెన్‌కు పంపినదానికి 6 ఉన్నాయి. తీగలు లావెక్కాయి, బిగువు పెరిగింది, కర్ర మాత్రం అదే కర్ర. చివరికి ఇనుము దిగింది. 1825లో బోస్టన్‌లో ఆల్ఫియస్ బాబ్‌కాక్ స్క్వేర్ పియానోకు ఒకే పోతగా పోసిన ఇనుప చట్రంపై పేటెంటు పొందాడు. 1843లో జోనాస్ చికరింగ్ దాన్ని గ్రాండ్ పియానోకు తెచ్చాడు. నేటి పియానోలో సుమారు 18 నుంచి 20 టన్నుల లాగుడును ఆ చట్రమే మోస్తోంది.

మరి అంతకుముందటి కర్ర పెట్టెల్ని బాగుచేయడం ఎలా? ముందు తీగలన్నిటినీ సమానంగా, విడతలవారీగా వదులు చేస్తారు. ఒకే పక్క వదిలితే మెలి ఇంకా పెరుగుతుంది. తర్వాత అడుగు పలక విప్పుతారు. పాతకాలపు అతుకులు పశువుల తోళ్లు ఉడికించి తీసిన జిగురుతో వేసినవి. వెచ్చదనం, తేమ తగిలితే అవి విడివడతాయి. అందుకే మళ్లీ అదే జిగురు వాడతారు, రేపటి పనివాడు కూడా విప్పుకోగలగాలి కదా. వంగిన పెట్టెను క్లాంపుల్లో బిగించి నెమ్మదిగా దారికి తెచ్చి అతుకులు వేస్తారు. సౌండ్‌బోర్డు చీలికల్లో సన్నని స్ప్రూస్ పేళ్లు దూరుస్తారు. తీగలు తిరిగి ఎక్కించినా నేటి 440 హెర్ట్జ్ శ్రుతికి లాగరు, తగ్గించే ఉంచుతారు. ఇనుప పట్టీలు వేసి బోల్టులు దిగిస్తే పని తొందరగా అయిపోతుంది గానీ, ఆ కన్నాలు ఇక పూడవు.

అయితే బాగుచేయడానికీ ఒక హద్దుంది. క్రిస్టొఫొరి పియానోలు మూడు మిగిలాయి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోని 1720 నాటిది పలుకుతుంది, కానీ 1938లో దానికి కొత్త సౌండ్‌బోర్డు వేయడంతో అసలు నాదం పోయింది. రోమ్‌లోని 1722 నాటిది పురుగు తొలిచి మూగబోయింది. లైప్‌జిగ్‌లోని 1726 నాటిదాన్ని ఇప్పుడు వాయించడం లేదు. పలికించాలనే ఆరాటంలో పాత కర్రను మార్చేస్తే, ఆనాటి పనివాడు ఏం చేశాడో చెప్పే సాక్ష్యమే పోతుంది. అసలుదాన్ని ఉన్నదున్నట్టు నిలబెట్టి, వినడానికి దాని కొలతలతో కొత్తది చేయించుకోవడమే మేలైన పద్ధతి.