సగటు లెక్కల్లో సీతారామపురం

ఉదయగిరి అనగానే మన చరిత్రకారులకు 1514లో కృష్ణరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట గుర్తుకొస్తుంది. ఆ కోట చుట్టూ ఉన్న మెట్ట ప్రజల బతుకు చరిత్రకెక్కలేదు. దాన్ని నీటి లెక్కల్లో, నిధుల పద్దుల్లో వెతకాలి.

19వ శతాబ్దంలో ఆంగ్ల ప్రభుత్వం పెన్నపై నెల్లూరు, సంగం ఆనకట్టలు కట్టింది. పెట్టుబడి శిస్తుగా తిరిగొచ్చే చోటనే అది ధారాళంగా ఖర్చుపెట్టింది. పల్లపు భూముల్లో మొలగొలుకులు పండాయి. పడమట వెలిగొండల పాదాన సీతారామపురం వానచినుకు కోసం ఎదురుచూసింది. ఒకే జిల్లాలో రెండు ఆర్థిక వ్యవస్థలు ఏర్పడ్డాయి.

1937 నవంబరు 16న మద్రాసులో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక, పదేళ్లపాటు, అవసరమైతే ఆపైన కూడా, నీటిపారుదలలో రాయలసీమతోపాటు నెల్లూరుకూ ప్రాధాన్యం ఇవ్వాలన్నది. ఆ పత్రంలో నెల్లూరు పేరున్నదన్న సంగతి మనలో చాలామంది మరిచారు. పాలకులు మనకంటే ముందే మరిచారు.

2014 రాష్ట్ర పునర్విభజన చట్టం 46వ సెక్షను వెనుకబడిన ప్రాంతాలకు, ముఖ్యంగా రాయలసీమకు, ఉత్తర కోస్తాకు ప్రత్యేక ప్యాకేజీ చెప్పింది. ఏడు జిల్లాలకు, జిల్లాకు ఏటా 50 కోట్ల చొప్పున, 2014-15 నుంచి మూడేళ్లకు కేంద్రం 1,050 కోట్లు విడుదల చేసింది. వెలిగొండకు అవతలి కడప ఆ జాబితాలో ఉంది. ఇవతలి సీతారామపురం లేదు. కొండకు రెండువైపులా కరువు ఒక్కటే. కడపకు ఎక్కువ దక్కిందని కాదు. ఆ 50 కోట్లు సీమ కరువుకు ఏ మూలకు?

లోపం కొలమానంలో ఉంది. ఆర్థిక సంఘం రాష్ట్రాల తలసరి ఆదాయాలను పోల్చి పన్నుల వాటా పంచుతుంది; రాష్ట్రం లోపలి అంతరాలు ఆ తూకానికి అందవు. జిల్లాను కొలమానం చేసుకుంటే పల్లపు సంపద మెట్ట దారిద్ర్యాన్ని కప్పేస్తుంది. సగటు తీయడమంటే ఉన్నవాడి కూడును లేనివాడి పేర రాయడమే.

ఆత్మకూరు పక్కనే ఉన్న సోమశిల జలాశయం ప్రధానంగా దిగువ ఆయకట్టును స్థిరపరిచింది. ఉదయగిరి మెట్టకూ నీరిస్తామన్న వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. సొరంగాలను జాతికి అంకితం చేసింది 2024 మార్చిలో. మధ్యలో 28 ఏళ్లు. అంటే ఒక తరం వలసపోయేంత కాలం.

ఈ తప్పులో రచయితలకూ భాగముంది. మన విమర్శ కూడా కథలను కోస్తా, సీమ, తెలంగాణ, ఉత్తరాంధ్ర అని పంచి, కోస్తా అంటే పచ్చని డెల్టా అని తీర్మానిస్తున్నది. సర్కారు జాబితానే మనం సాహిత్యంలోకి ఎత్తి రాసుకున్నాం. సగటును చెరిపి మనిషిని చూపించడం కథకుడి పని. పడమటి నెల్లూరు మెట్ట ఆ పని కోసం ఎదురుచూస్తున్నది.