షిఫ్టు కీ నుంచి కంట్రోల్ కీ దాకా

కంప్యూటరులో షార్ట్‌కట్ కీలంటే మన విశ్రాంత మిత్రులలో చాలామందికి జంకు. అవి ఈ కాలం పిల్లల విద్య అనీ, మనకు మౌసుతో తంటాలు పడడమే రాసిపెట్టి ఉందనీ అనుకుంటారు. చరిత్ర చూస్తే ఆ విద్యలో సగం మనదే.

అమెరికాలో రెమింగ్టన్ కంపెనీ 1874లో అమ్మకానికి పెట్టిన టైపు మిషనులో పెద్దక్షరాలు మాత్రమే ఉండేవి. 1878లో వచ్చిన రెండో మోడలుకు షిఫ్టు కీ చేర్చారు. ఒక కీ పట్టుకుని మరొకటి కొడితే ఫలితం మారడం అనే కిటుకు అక్కడిది. కంట్రోల్ కీ చేసేదీ అదే. అది టెలిప్రింటరు మీదుగా కంప్యూటరుకు వచ్చింది. టాబ్, బ్యాక్‌స్పేస్ కూడా టైపు మిషను నాటి పేర్లే.

కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలోని జగ్గయ్యపేట, నందిగామలలో (2022 నుంచి ఇవి ఎన్టీఆర్ జిల్లా) టైపు నేర్చి ఉద్యోగంలో చేరినవారు మనలో ఎందరో. ఇంగ్లీషు లోయరుకు నిమిషానికి 30 మాటలు, హయ్యరుకు 45. అదీ కీల వంక చూడకుండా. కీబోర్డు మీద నుంచి చెయ్యి తీసి మౌసు పట్టుకున్న ప్రతిసారీ ఆ వేగం తెగిపోతుంది. వేళ్లను ఉన్నచోటనే ఉంచి పని జరిపించేవే షార్ట్‌కట్లు. కాబట్టి రెండు వేళ్లతో కొట్టేవారికన్నా టైపు వచ్చినవారికే ఇవి ఎక్కువ అక్కరకొస్తాయి.

డ్రాఫ్టులో పేరాలు తారుమారైతే కత్తిరించి, జిగురుతో అతికించి ఫెయిర్ కాపీకి పంపేవాళ్లం. జిరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో 1970ల నడుమ లారీ టెస్లర్, టిమ్ మాట్ అనే ఇద్దరు ఈ కత్తెర, జిగురు పనినే కంప్యూటరు తెర మీదికి తెచ్చారు. టెస్లర్ తరువాత యాపిల్ కంపెనీకి వెళ్లాడు. 1983 నాటి లీసా కంప్యూటరులో రద్దుకు జెడ్, కత్తిరింపుకు ఎక్స్, నకలుకు సి, అతికింపుకు వి స్థిరపడ్డాయి. నాలుగూ కింది వరుసలో ఎడమచేతి వేళ్ల కింద పక్కపక్కనే ఉంటాయి. ఎక్స్ మనం పెట్టే కొట్టివేత గుర్తే. వి అంటారా, వాక్యం మధ్య విడిచిన మాట చేర్చడానికి పెట్టే గుర్తును తలకిందులు చేసి చూడండి! టెస్లర్ 2020 ఫిబ్రవరిలో కన్నుమూశాడు.

మన కచేరీలలో నకలంటే చేతిరాత. రిజిస్టరైన దస్తావేజును అక్షరం పొల్లుపోకుండా వాల్యూములోకి ఎక్కించవలసిందే. 1998 నవంబరు 4న రాష్ట్రంలో 'కార్డ్' పథకం మొదలై సబ్‌రిజిస్ట్రారు కచేరీలకు కంప్యూటర్లు, స్కానర్లు వచ్చాక ఆ ఎత్తిరాత పోయింది.

అన్యాయం జరిగింది తెలుగు టైపిస్టుకు. 1966 అధికార భాషా చట్టం తరువాత తెలుగు టైపు నేర్చుకోమన్నారు, నేర్చుకున్నారు. కంప్యూటరు వచ్చేసరికి 1991 ప్రమాణంలోని ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికే వేరు. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి. పద్ధతి బాగానే ఉంది. కాని ఏళ్ల తరబడి వేళ్లకు పట్టిన అలవాటు గతేమిటని అడిగినవారు లేరు.

విండోస్ కంప్యూటరులో ఒక ఊరట ఉంది. తెలుగు కీబోర్డు పెట్టుకున్నా కంట్రోల్‌తో కలిపి కొడితే ఆ నాలుగు కీలు ఎప్పటి పనే చేస్తాయి. విండోస్ కీ పట్టుకుని స్పేస్ బార్ కొడితే తెలుగు నుంచి ఇంగ్లీషుకు మారవచ్చు. అన్నిటికంటె ముందు కంట్రోల్, జెడ్ నేర్చుకోండి. చేసిన తప్పు వెనక్కి పోతుంది. ఒక్క అక్షరం తప్పితే నాలుగు కార్బను కాపీలనూ విడివిడిగా రబ్బరుతో చెరిపినవారికి దాని విలువ ఒకరు చెప్పనక్కరలేదు.