బల్లపరుపు వ్యాగను మీద రెండువందల అంగుళాల అద్దం

బొమ్మ రైలుకు చరిత్ర ఉన్నదంటే చాలమంది నవ్వుతారు. ఇంజనుకు ఉంటుందేమో గాని, దాని వెనుక తగిలించిన వ్యాగను మీది సామానుకు చరిత్ర ఏమిటని అడుగుతారు. కాని అమెరికాలో పేరుపొందిన లయొనెల్ బొమ్మ రైళ్ళు పుట్టినదే సామాను కోసం. 1900 ప్రాంతంలో న్యూయార్కు నగరంలో జాషువా లయొనెల్ కోవెన్ అనే యువకుడు, దుకాణం కిటికీలో సరుకును ప్రదర్శించడానికి, చిన్న మోటారుతో గుండ్రని పట్టాలపై తిరిగే మూతలేని కొయ్య వ్యాగను ఒకటి చేసినాడు. దారిన పోయేవారి చూపు దానిలోని సరుకు మీద నిలుస్తుందని అతని ఊహ. చూపు బండి మీద నిలిచినది. వచ్చినవారు సరుకును వదలి బండినే అమ్మమన్నారు.

నిజమైన రైలుమార్గంలో బల్లపరుపు వ్యాగను అంటే పైకప్పు, ప్రక్కగోడలు లేని బండి. మూసిన పెట్టెలో పట్టనివి దాని మీద పోతాయి: దుంగలు, ఉక్కు దూలాలు, బాయిలర్లు, ట్రాక్టర్లు. మూసిన పెట్టె తన లోపల ఏమున్నదో చెప్పదు. బల్లపరుపు వ్యాగను మాత్రం ఆ కాలంలో ఆ దేశం ఏమి నిర్మిస్తున్నదో ఊరూరా చాటుతూ పోతుంది. బొమ్మలలోనూ ఇంతే. 1957 అక్టోబరులో సోవియట్ రష్యా స్పుత్నిక్‌ను ఎగురవేసిన తరువాత లయొనెల్ వ్యాగన్ల మీద రాకెట్లు, క్షిపణులు, హెలికాప్టర్లు ఎక్కినవి. 1958లో అణుధార్మిక వ్యర్థపదార్థాల డబ్బాలు మోస్తూ ఎర్రదీపం మినుకుమనే వ్యాగను కూడా వచ్చినది. అణుయుగం పిల్లల చేతికి అట్లా అందినది.

అయితే ఇవి ఆటబొమ్మలు. వీటి కొలతలు నిజమైన బండ్ల కొలతలకు సరిగా సరిపోవు. కొలత తప్పకుండా నమూనాలు చేసేవారు వేరొక వర్గం. వారు 1935లో మిల్వాకీ నగరంలో ఒక జాతీయ సంఘంగా ఏర్పడి, పట్టాలకూ చక్రాలకూ ప్రమాణాలు నిర్ణయించుకొన్నారు. వారిలో ఎక్కువమంది వాడేది ‘హెచ్.ఓ.’ అనే ప్రమాణం. అందులో ప్రతి వస్తువూ అసలులో 87వ వంతు ఉంటుంది. 4 అడుగుల 8½ అంగుళాల గేజి పదహారున్నర మిల్లీమీటర్లకు తగ్గుతుంది. ఈ బండ్ల మీది సామాను ఇంట్లోనే తయారవుతుంది. ఎండుపుల్లలు దుంగలవుతాయి, శీతలపానీయాల గొట్టాలు నీటిపైపులవుతాయి, దారపు రీలు బాయిలరవుతుంది. ఇవన్నీ తేలిక పనులు. వింతసామాను చేయబోయినప్పుడే చరిత్ర, యంత్రశాస్త్రం రెండూ అడ్డుపడి ప్రశ్నలు వేస్తాయి. అటువంటి వింతసామానులలో అగ్రస్థానం ఇవ్వదగినది 1936లో అమెరికా ఖండాన్ని రైలు మీద దాటిన గాజుబిళ్ళ.

కాలిఫోర్నియాలో పాలొమార్ కొండ మీద 200 అంగుళాల వ్యాసం గల దూరదర్శినిని స్థాపించాలని ఖగోళశాస్త్రజ్ఞుడు జార్జి ఎల్లరీ హేల్ సంకల్పించినాడు. మన ఉస్మానియా విశ్వవిద్యాలయం వారు జపాల్–రంగాపురం వేధశాలలో 1968లో నెలకొల్పిన దూరదర్శిని అద్దం 48 అంగుళాలు. అటువంటివి నాలుగు వరుసగా పేర్చినా పాలొమార్ అద్దానికి ఇంకా ఎనిమిది అంగుళాలు తక్కువే. దీనికి కావలసిన గాజును న్యూయార్కు రాష్ట్రంలోని కార్నింగ్ కర్మాగారంలో పోత పోసినారు. వేడికి తక్కువగా వ్యాకోచించే పైరెక్స్ గాజు అది. బరువు తగ్గించడానికి వెనుకవైపు తేనెపట్టు వలె గుంటలు వచ్చేటట్లు మూసలో దిమ్మలు అమర్చినారు. 1934 మార్చి 25న మొదటి పోత పోసినప్పుడు ఆ వేడికి దిమ్మలను పట్టి ఉంచిన ఉక్కు మరలు కరిగి, దిమ్మలు కొన్ని గాజుపైకి తేలినవి. ఆ సంవత్సరమే డిసెంబరు 2న రెండవ పోత పోసినారు. గాజు త్వరగా చల్లారితే పైభాగం ముందు బిగిసి లోపల ఒత్తిడి నిలిచిపోతుంది. ఆ తరువాత చిన్న దెబ్బకే పగులుతుంది. అందువల్ల పది నెలలపాటు, రోజుకు కొద్ది డిగ్రీలు చొప్పున, చల్లార్చినారు. మధ్యలో 1935 జూలైలో ఊరి నది పొంగి విద్యుత్తు ఆగిపోయినది కూడా. బిళ్ళ బ్రతికినది.

ఇప్పుడు అసలు చిక్కు. ఇరవై టన్నుల గాజుబిళ్ళను వేల మైళ్ళ దూరంలోని పాసడీనా నగరానికి చేర్చాలి. పడుకోబెడితే వెడల్పు దాదాపు పదిహేడు అడుగులు. రైలుమార్గంలో పది పదకొండు అడుగులు మించితే ఎదురుబండికీ వంతెన స్తంభాలకూ తగులుతుంది. నిలబెడితే ఎత్తు పదిహేడు అడుగులు. సాధారణమైన వ్యాగను తలమే పట్టాలకు మూడున్నర అడుగుల పైన ఉంటుంది కనుక మొత్తం ఇరవై దాటి, వంతెనల క్రింద దూరదు. అందువల్ల నడుమ గొయ్యివలె దిగిన ప్రత్యేకమైన వ్యాగనులో ఆ బిళ్ళను ఉక్కుపెట్టెలో బిగించి అంచు మీద నిలబెట్టినారు. పెట్టె అడుగు పట్టాలకు కొద్ది అంగుళాల ఎత్తులో వ్రేలాడినది. ఏ వంతెన క్రింద పడుతుందో, ఏ దారిలో పడదో ముందే కొలిచి మార్గం నిర్ణయించవలసివచ్చినది. 1936 మార్చి 26న బయలుదేరిన ఈ ప్రత్యేకమైన రైలు పగటిపూట మాత్రమే, గంటకు 25 మైళ్ళు మించకుండా నడచి, ఏప్రిల్ 10న పాసడీనా చేరినది. పెట్టె మీద ఇది రెండువందల అంగుళాల దూరదర్శిని బిళ్ళ అని పెద్ద అక్షరాలతో వ్రాసినారు. ఆ వ్రాత చదవడానికి దారి పొడుగునా జనం పట్టాల ప్రక్కన నిలబడినారు. వారు చూచినది ఉక్కుపెట్టెనే గాని గాజును కాదు.

ఈ బండిని 87వ వంతు కొలతలో చేయబూనిన విద్యార్థికి ఏమి ఎదురవుతుందో చూద్దాం. రెండువందల అంగుళాల బిళ్ళ సుమారు 58 మిల్లీమీటర్లవుతుంది. బరువును కూడా 87తో భాగిస్తే రెండువందల కిలోలకు పైగా వస్తుంది, అది తప్పు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గినవి గనుక 87ను మూడుసార్లు గుణించగా వచ్చే 6,58,503తో భాగించాలి. అప్పుడు ఇరవై అమెరికన్ టన్నులు, అంటే 18,144 కిలోలు, ఇంచుమించు 28 గ్రాములవుతుంది. ఘనప్రమాణాన్ని గురించి తరగతిలో చెప్పే పాఠానికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

బరువు తగ్గినది, కాని కోణం తగ్గదు. పెట్టె గరిమనాభి పట్టాలకు సుమారు తొమ్మిది అడుగుల ఎత్తున ఉన్నది. పట్టాల నడిమి నుండి ఒక్కొక్క పట్టా దూరం 28 అంగుళాలు. వ్యాగను బరువును లెక్కలోకి తీసుకొనకుండా బిళ్ళ ఒక్కదానినే చూస్తే, పదిహేను డిగ్రీలు ఒరిగితే చాలు, పడిపోతుంది. నమూనాలోనూ అదే పదిహేను. పైగా నమూనా పట్టాల వంపులు మరీ బిగువు. పద్దెనిమిది అంగుళాల వ్యాసార్ధం గల వంపు నిజమైన కొలతలో 130 అడుగులు. ప్రధాన మార్గంలో అటువంటి వంపు ఏ ఇంజనీరూ వేయడు. పొడుగాటి రైలు మధ్యలో ఈ వ్యాగనును తగిలిస్తే, ముందు ఇంజను లాగుడు, వెనుక బండ్ల బరువు కలిసి దానిని వంపు లోపలివైపుకు ఈడుస్తాయి. ఎత్తైన పెట్టె అక్కడే ఒరుగుతుంది.

దీనికి మందు చరిత్రలోనే ఉన్నది. అద్దం రైలు ప్రత్యేకమైన రైలు. దానికి ఇతర సరుకుబండ్ల తోక లేదు. నమూనాలో కూడా కొద్ది బండ్లే తగిలించాలి. పెట్టెను అట్టతోనో పలుచని ప్లాస్టిక్కుతోనో తేలికగా చేసి, సీసపు రేకును వ్యాగను అడుగున దాచాలి. పైన చెప్పిన సంఘంవారి సిఫారసు ప్రకారం హెచ్.ఓ. వ్యాగను బరువు ఒక ఔన్సు, దానిపై ప్రతి అంగుళం పొడవుకు అర ఔన్సు. ఆరు అంగుళాల వ్యాగనుకు నాలుగు ఔన్సులు, అంటే 113 గ్రాములు. అందులో సామాను వాటా 28 గ్రాములు మించకుండా చూచుకొంటే మిగిలినదంతా చక్రాల దగ్గర పెట్టవచ్చును. పెట్టె అడుగు పట్టాలకు ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది కనుక, పట్టాలు చీలే చోట ఏ మేకు తలయైనా పైకి లేచి ఉంటే అక్కడ చిక్కుకొంటుంది. 1936లో దారి కొలిచినవారి ఆదుర్దా నమూనా చేసేవానికి కొంత అర్థమయ్యేది ఈ చోటనే.

ఇక చరిత్ర వేసే ప్రశ్న. కొందరు నేర్పరులు గాజుబిళ్ళను వెండిలా మెరిసేటట్లు చేసి, పెట్టె లేకుండా, డీజిల్ ఇంజను వెనుక నడిపిస్తారు. చూడముచ్చటగానే ఉంటుంది, కాని అది జరగని సంగతి. రైలెక్కినది అరగదీయని మొరటు బిళ్ళ. దానిని పాసడీనాలో పదకొండేళ్ళు, మధ్యలో యుద్ధం వల్ల ఆగుతూ, అరగదీసి మెరుగుపెట్టినారు. ఆ పనిలో అయిదు టన్నులకు పైగా గాజు పొడియై పోయినది. మెరిసే అల్యూమినియం పూత పాలొమార్ చేరిన తరువాత వేసినది. పూర్తయిన అద్దం 1947 నవంబరు 18న పాసడీనాలో లారీ ఎక్కి, మరునాడు కొండమీది వేధశాలకు చేరినది. ఆ కొండ మీదికి ఇనుపదారి లేదు. దిమ్మలు తేలిపోయి చెడిన మొదటి బిళ్ళ మాత్రం ఏ బండీ ఎక్కలేదు. దాని వెనుకవైపు గుంటలను లెక్కపెట్టదలచినవారికి అది కార్నింగ్‌లోని గాజు ప్రదర్శనశాలలో ఇప్పటికీ ఉన్నది.